శుక్రవారం పడ్డ మచ్చ

"నీహా, తలుపు తియ్యమ్మా. కాఫీ చల్లారిపోతోంది."

లోపల్నుంచి మాట లేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది. అది వినబడుతున్నంతసేపూ కల్పలత ప్రాణం కాస్త నిలకడగా ఉంటోంది. తెల్లవారుజామున కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడు ఆమె తలుపు బాదిన బాదుడికి కింద వాటాలో జైతున్ బీ కూడా లేచి మెట్ల దగ్గరికి వచ్చింది.

"నిద్రపోతున్నానమ్మా," అని అప్పుడు విసుగ్గా అంది నీహారిక. ఆ తర్వాత ఒక్క మాట లేదు.

ఉద్యోగానికి రమ్మని పిలిచి, చేరే తేదీ కూడా చెప్పి, తీరా కొత్త చీర కొనుక్కున్నాక "మీ క్రెడిట్ రిపోర్టులో మచ్చ ఉంది, ఆగండి" అన్నారు బ్యాంకువాళ్ళు. అప్పట్నించీ ఆ పిల్ల తిన్నది తిన్నట్టు లేదు, పడుకున్నది పడుకున్నట్టు లేదు. ఇవాళ మధ్యాహ్నం ఆ బ్యాంకు మేడం ఫోన్ చేస్తానంది. ఈలోగా తిరుమలగిరిలోని ఫైనాన్సు ఆఫీసుకి వెళ్ళి, పాత స్కూటర్ లోను తాలూకు బాకీ కట్టి, ఇక బాకీ లేదని కాగితం తేవాలి. తెస్తే ఫైలు కదులుతుందేమో. తేకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది.

కల్పలత కాఫీ గ్లాసు గడప దగ్గరే పెట్టి వంటింట్లోకి వచ్చింది. కింద వీధిలో ఉన్న తమ కర్రీ పాయింటుకి పదకొండింటికల్లా కూరలన్నీ దిగాలి. భర్త రామభద్రరావు గుత్తి వంకాయల్లో కారం కూరుతున్నాడు. అత్తగారు వీరరాఘవమ్మ పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఇవాళే వెళ్ళాలా?" అంది వీరరాఘవమ్మ తల ఎత్తకుండా.

"రేపు రెండో శనివారం అత్తయ్యా. ఆఫీసు ఉండదు."

"పోనీ సోమవారం."

"సోమవారానికి ఉద్యోగం ఉండదు."

వీరరాఘవమ్మ ఇంకేం అనలేదు. అనకపోయినా ఆ వంటింట్లో అందరికీ వినబడింది. ఇవాళ శుక్రవారం.

శుక్రవారం నాడు ఇంట్లోంచి లక్ష్మిని బయటికి పంపకూడదన్నది పాలకొల్లు నుంచి సామాన్లతోపాటు సికిందరాబాదు చేరిన నియమం. ఆ రోజు పాలవాడికి డబ్బివ్వరు. ఇస్త్రీ మనిషి వచ్చినా రేపు రమ్మంటారు. నీహారిక స్కూటర్ ఈఎంఐ మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖున ఆమె బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే పోయేది. ఆ పిల్ల ఏడాదిపాటు కాల్ సెంటర్లో చేసినప్పుడు తీసుకున్న స్కూటర్ అది. తర్వాత ఎమ్.కాం చదవడానికి తిరుపతి వెళ్తూ స్కూటర్ తండ్రికీ, ఏటీఎం కార్డు తల్లికీ అప్పజెప్పి వెళ్ళింది.

ఐదో తారీఖు శుక్రవారం పడితే కల్పలత ముందు రోజే జాగ్రత్త పడేది. గురువారం సాయంత్రం బోయిగూడ ఏటీఎంకి పోయి, సరిగ్గా ఆ ఈఎంఐ డబ్బు తీసి, దేవుడి గూట్లో పెట్టేది. శనివారం పొద్దున్నే తలారా స్నానం చేసి, తనే ఫైనాన్సు ఆఫీసుకి వెళ్ళి చేత్తో కట్టి వచ్చేది. ఒక్క నెల మానలేదు. ఒక్క రూపాయి తగ్గించలేదు.

కానీ ఖాతాలో డబ్బు దొరక్క ఈఎంఐ వెనక్కి పోయిన ప్రతిసారీ ఒక జరిమానా పడిందనీ, దాని మీద ఇంకో జరిమానా పెరిగిందనీ, ఆఖరికి కంపెనీ దాన్ని రాని బాకీ కింద కొట్టేసి నీహారిక పేరు పక్కన రాసిపెట్టిందనీ ఎవరికీ తెలియలేదు. హెచ్చరికలన్నీ ఆ పిల్ల మార్చేసిన పాత నంబరుకి వెళ్ళాయి.

"బ్యాంకులోంచి తీసి దాచమని నేను చెప్పానా అమ్మాయ్?" అంది వీరరాఘవమ్మ, ఎవరూ అడగకపోయినా. "చేత్తో ఇవ్వొద్దన్నాను. మిషను దానంతటది ఇచ్చుకుంటే మనకేం దోషం?"

"ఆ మాట అప్పుడు అనలేదుగా అత్తయ్యా. నేను గూట్లో డబ్బు పెడుతుంటే పక్కనే ఉన్నారు మీరు."

"ఉన్నాను. గురువారం పూట లక్ష్మి ఇంటికొచ్చిందే అని సంతోషించాను."

"ఇద్దరూ ఆపండి," అన్నాడు రామభద్రరావు. "తప్పు మనది, రూలు వాళ్ళది. అప్పిచ్చేవాడు మనిషి వెనకటి నడత చూడడా? మనం చూడట్లేదా? ఎదురు సందు కామరాజు లాక్‌డౌన్లో రెండు నెలలు కూరలు పట్టుకెళ్ళి చెయ్యిచ్చాడు. ఇవాళ్టికీ డబ్బు బల్ల మీద పడందే గరిటె ముంచను."

"కామరాజుగారికి అరువు మానేశారు. బాగానే ఉంది. ఆయన కూతురికి ఎవరూ ఉద్యోగం ఇవ్వొద్దని వాడవాడలా చెప్పి వచ్చారా?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"నాకేం తెలుసు? ఎనిమిదో తరగతి దాటనిదాన్ని. ఏడేళ్ళు ఉంటుందిట ఆ మచ్చ. రెండేళ్ళయింది, ఇంకా ఐదేళ్ళు. ముప్పై దాటుతుంది పిల్లకి. ఈ ఉద్యోగం పోతే ఇంకో బ్యాంకులో రాదు. రేపు ఇంటి లోను అడిగితే ఇవ్వరు. పెళ్ళివారికి తెలిస్తే..."

"పెళ్ళివారు క్రెడిట్ రిపోర్టు అడుగుతారుటే?"

"ఇప్పుడు అడుగుతున్నారు. మొన్న టీవీలో చూపించారు."

రామభద్రరావు వంకాయలు నూనెలో వేశాడు. అవి చిటపటలాడినంతసేపూ ఆయన జవాబు చెప్పనక్కర్లేకపోయింది.

ఆ చప్పుడులో తలుపు తీసిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. చూసేసరికి నీహారిక వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. తల దువ్వుకుంది. చేతిలో ఖాళీ కాఫీ గ్లాసు.

"వెళ్దామా అమ్మా?" అంది. "ఒక్క మాట. అక్కడ నువ్వేం మాట్లాడకు."

"నేనేం మాట్లాడతానే?"

"అదే భయం."

కల్పలత గబగబా చీర సర్దుకుని, బీరువాలోంచి డబ్బు తీసి కొంగులో ముడేసుకుంది. అత్తగారి కంట పడకుండా పెరటి మెట్ల వైపు తిరిగింది.

"అటెందుకు?" అంది వీరరాఘవమ్మ. ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగింది. "వీధి గుమ్మంలోంచే వెళ్ళు. దొంగతనం చేస్తున్నట్టు వెళ్ళకు."

కల్పలత ఆ ముఖంలోకి చూసింది. అనుమతో, కోపమో తెలియలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ రెండూ వేరుగా కనిపించిన రోజులు తక్కువ.

కింద జైతున్ బీ కుట్టుమిషను మీదనుంచి లేచి వచ్చింది.

"ఏందక్కా, తెల్లారంగ గంత పరేషాన్ అయితివి. మంచిగుందా బిడ్డ?"

"బాగానే ఉంది జైతూ. ఆ లోను పని మీదే వెళ్తున్నాం. ఏడేళ్ళు ఉంటుందిట ఆ మచ్చ."

"ఏడేండ్లేనా?" జైతున్ బీ నవ్వింది. "మా ఆయన పెండ్లి వలీమా దావత్ నాడు చేసిన తప్పు ముప్పై ఏండ్లకెల్లి యాది పెట్టుకున్న నేను. నా రిపోర్టుల ఆయన ఇంక సుత ఖరాబే. గీ కంపెనోళ్ళు మంచోళ్ళే అక్కా."

నీహారిక పెదవి చివర ఏదో కదిలింది. నవ్వే. వారం తర్వాత మొదటిసారి.

"మా పోరడు నబీకి సుత ఫోన్ ఈఎంఐ కాడ గిట్లనే అయింది. జెర సబర్ పట్టు. అంత మంచే అయితది."

"నబీకి తర్వాత లోను వచ్చిందా?"

జైతున్ బీ జవాబు చెప్పబోయి, కల్పలత ముఖం చూసి, "దారం తెగినట్టుంది," అని లోపలికి పోయింది.

అంటే రాలేదన్నమాట. కల్పలత కొంగు ముడి తడిమి చూసుకుని ఆటో పిలిచింది.

ఆటో కార్ఖానా బస్టాపు దాటింది. కూతురు రోడ్డు చూస్తోంది, తల్లి కూతుర్ని చూస్తోంది. సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది.

"నా మీద కోపమా?" అంది కల్పలత.

"డబ్బు తీసినందుకు కోపం లేదమ్మా."

"మరి?"

"శనివారం కట్టగానే నాకు ఫోన్ చేసేదానివి గుర్తుందా? 'కట్టేశానే, నువ్వు నిశ్చింతగా చదువుకో' అనేదానివి." నీహారిక బయటికే చూస్తూ అంది. "నిశ్చింతగానే చదువుకున్నాను."

పచ్చ లైటు పడింది. వెనకవాళ్ళు హారన్లు మొదలుపెట్టారు. కల్పలత కొంగు ముడి బిగించి పట్టుకుంది. పిల్ల కేకలేసినా బావుండేదనిపించింది. కేకలకి ఎదురు చెప్పడం ఆమెకి తెలుసు. 

ఫైనాన్సు ఆఫీసులో కౌంటరు వెనక ఉన్నాయన కళ్ళజోడు పైకి తోసి కల్పలతని చూశాడు. బల్ల మీద జ్ఞానశేఖర్ అని పేరు రాసుంది.

"మీరు శనివారం అమ్మ కదా? తడి జుట్టుతో పొద్దున్నే వస్తుండేవాళ్ళు. షట్టర్ ఎత్తేటప్పటికే మెట్ల మీద కూసుని ఉండేవాళ్ళు."

ఆ ఒక్క పలకరింపుకే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరే కదండీ డబ్బు తీసుకున్నది? జరిమానా ఉందని ఒక్కసారైనా చెప్పలేదేం?"

"అమ్మా," అంది నీహారిక.

"అడగనీ తల్లీ, తప్పేం లేదు," అన్నాడాయన. "కౌంటర్ల మాకు ఈఎంఐ ఒక్కటే కనబడేదమ్మా. చార్జీల లెక్క హెడ్డాఫీసుది. మీరు కట్టిందే చూసిన. కట్టందేందో నాకూ తెల్వదు."

నీహారిక ఫోన్లో రిపోర్టు చూపించింది. ఆయన కంప్యూటర్లో వెతికి ఎంతో చెప్పాడు. కల్పలత కొంగు ముడి విప్పి నోట్లు గాజు కిందనుంచి తోసింది. చెయ్యి మాత్రం వెంటనే వెనక్కి రాలేదు. శుక్రవారం నాడు ఆమె చేతుల మీదుగా డబ్బు బయటికి పోవడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. ఏదో జరుగుతుందని, ఇంటి దగ్గర నూనె మూకుడు ఒలికి భర్త కాలి మీద పడుతుందని అనిపించి, కళ్ళు మూసుకుని చెయ్యి లాక్కుంది.

"ఇక చెరిగిపోతుందిగా బాబూ?"

జ్ఞానశేఖర్ నోట్లు లెక్కపెట్టడం ముగించి సొరుగు వేశాడు. "బాకీ లేదని వస్తది. ఒకప్పుడు ఉండె అన్నది కూడా ఉంటది. ఏడేండ్లయ్యేదాంక."

"కట్టేశాక కూడానా?"

"కట్టేశాక కూడా."

"ఇదెక్కడి న్యాయం? మా మామగారు పోతే ఏడాది మైల పట్టాం. ప్రాణం పోయిన మైలకే ఏడాదిలో శుద్ధి ఉంది. మా పిల్ల ఏ ప్రాణం తీసిందని ఏడేళ్ళు?"

ఆయన నవ్వలేదు. "మా చర్చిల ఆదివారం ఆదివారం క్షమాపణ దొరుకుతదమ్మా. కంప్యూటర్ చర్చికి రాదు కద. మా తమ్ముడిది కూడా గిట్లనే ఉంది. వాడు కావాలని ఎగ్గొట్టిండు. మీరు ఆలస్యం చేసిండ్రు. ఇద్దరినీ ఒక్క డబ్బల వేస్తది. మూడేండ్లు చాలు అంటనేను. నన్నెవరు అడుగుతరు?"

"మరి మోసం చేసేవాళ్ళని ఎలా పట్టుకుంటారండీ?" అంది నీహారిక. బ్యాంకు పరీక్షకి చదివిన పిల్ల. తనకే అన్యాయం జరిగినా అవతలి పక్షం ప్రశ్న మానలేకపోయింది.

"వాళ్ళు ఇంకొకరి పేరు మీద తీసుకుంటరు తల్లీ. ఈ మచ్చ నీ అసోంటోళ్ళ మీదనే మంచిగ కనబడతది."

బాకీ లేదన్న కాగితంతోపాటు బ్యాంకుకి ఇంకో నాలుగు ముక్కలు కూడా రాసిస్తానన్నాడాయన. ఈఎంఐలన్నీ ముట్టాయనీ, ఆగింది జరిమానాలేననీ. "ఈఎంఐ వెనక్కి పోయినందుకు కారణం అడుగుతది ఇక్కడ. ఏం రాయాలె? ఖాతాల పైసల్లేకుండె అని రాయనా?"

"ఉన్నాయి," అంది కల్పలత. ఆ మాట ఆమె పడలేకపోయింది. "డబ్బు లేకపోవడమేంటి? ఒక్కపూట కూడా లేకుండా లేదు. శుక్రవారమని నేనే ముందు రోజు తీసి..."

నీహారిక కాలు బల్ల కింద ఆమె కాలిని నొక్కింది. అప్పటికే ఆలస్యమైంది.

జ్ఞానశేఖర్ వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. "మీరా తీసింది? ఖాతా బిడ్డదన్నరు?"

నీహారిక ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టింది.

ఆయన గొంతు తగ్గించాడు. "అమ్మా, ఆ మాట నాకు వినబడలే. బ్యాంకోళ్ళకు అసలు వినబడొద్దు. కార్డూ పిన్నూ ఇంకొకరికి ఇచ్చిన పిల్ల చేతికి రేపు క్యాష్ కౌంటర్ తాళాలు ఇస్తరా? గీ మచ్చకన్న గదే పెద్దది."

కల్పలత ఇన్నాళ్ళూ ఏడేళ్ళకే భయపడింది. కార్డు గురించి ఆమెకి తోచనే లేదు. కన్నతల్లి చేతికి కూతురు కార్డు ఇవ్వడం కూడా తప్పు కింద లెక్కకొస్తుందని ఎవరు అనుకుంటారు?

కాగితం తీసుకుని మెట్లు దిగుతున్నప్పుడు ఆమె కూతురి భుజం పట్టుకుంది. "నీకు తెలుసా ఈ సంగతి?"

"తెలుసు."

"అందుకా మాట్లాడొద్దన్నావు?"

"అందుకే."

"పోనీ నేనే చెప్తానే. పిల్లకి తెలియకుండా కార్డు తీశానంటాను. నా మీద ఏం రాసుకుంటే ఏమిటి? నాకే ఉద్యోగం కావాలా, లోను కావాలా?"

"నాకు తెలియకుండా తీస్తే దాన్ని దొంగతనం అంటారమ్మా. రాసుకోవడంతో ఆగరు." నీహారిక కాగితాన్ని మడవకుండా గుండెకి ఆనించి పట్టుకుంది. "ఏం చెప్పాలో నేను ఆలోచించుకున్నాను. నువ్వు ఊరుకుంటే చాలు."

అప్పుడే ఫోన్ మోగింది. మధ్యాహ్నమన్న మనిషి ముందే చేసింది. రోడ్డు మీద మిలటరీ లారీలు వరసగా పోతున్నాయి, ఏమీ వినబడక నీహారిక స్పీకర్ పెట్టింది.

"నీహారికా, యామినిని. కాగితం వచ్చిందా?"

"ఇప్పుడే తీసుకున్నానండీ. ఈఎంఐలన్నీ కట్టినట్టు కూడా రాసిచ్చారు."

"మంచిదైంది. నిజంగా. మీ ఫైలు మూసెయ్యాలని నాకూ లేదు." ఆ గొంతు మెత్తగా ఉంది. కల్పలత చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "ఒక్కటే అర్థం కాలేదు. మీరు పంపిన స్టేట్‌మెంట్ చూశాను. ఈఎంఐ వెనక్కి పోయిన ప్రతిసారీ ముందు రోజు సాయంత్రం సరిగ్గా అంతే డబ్బు ఏటీఎంలో తీసేశారు. మర్చిపోయి జరిగిందంటే పైవాళ్ళు నమ్మరు. ఎవరు తీశారు?"

"నేనేనండీ."

"మీరే?"

"నేనే. శుక్రవారం డబ్బు బయటికి ఇవ్వకూడదని మా ఇంట్లో ఒక నమ్మకం. తెలియనితనం. శనివారం కట్టేదాన్ని."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "అప్పట్లో మీరు తిరుపతిలో చదువుతున్నారని అప్లికేషన్లో ఉందే. ఈ ఏటీఎం బోయిగూడది."

లారీలు అయిపోయాయి. రోడ్డు ఒక్కసారిగా ఖాళీ అయింది.

"సెలవులకి వచ్చేదాన్నండీ."

"అన్నిసార్లూ?"

"అన్నిసార్లూ."

"సరే." యామిని కాగితాలు పక్కన పెట్టిన చప్పుడు. "చూడండి, నేను మిమ్మల్ని ఇరికించాలని అడగట్లేదు. కార్డు ఎప్పుడూ మీ దగ్గరే ఉందనీ, మీరే తీశారనీ నోట్ రాస్తాను. అది మీ సర్వీసు ఫైల్లోకి వెళ్తుంది. తర్వాత ఎవరైనా అది నిజం కాదని తేలిస్తే, ఉద్యోగంలో ఉన్నా తీసేస్తారు. అప్పుడు ఇన్నేళ్ళూ అన్నేళ్ళూ అని ఉండదు. రాయమంటారా?"

ఏడేళ్ళయితే లెక్కపెట్టుకోవచ్చు. దీనికి లెక్కే లేదు. 

"వద్దే నీహా," అంది కల్పలత. మెల్లగా అనుకుంది కానీ మెల్లగా రాలేదు.

 ఆ తర్వాత యామిని గొంతు, ఇందాకటి మెత్తదనం కాస్త తగ్గి.

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

నీహారిక తల్లి ముఖంలోకి సూటిగా చూసింది. ఈ వారంలో ఆ పిల్ల ఆమెని అలా చూడటం ఇదే మొదటిసారి. ఆ కళ్ళలో కోపం లేదు.

"ఎవరూ లేరండీ," అంది.